బల్లి వద్దన్న పౌరసత్వం

పుంగనూరు, 12-6-2004

నాన్నకు శాలిని నమస్కారాలు. సింగపూరు నుంచి మొన్న అత్తగారింటికి చేరాము. కుప్పంలో మీ ఫోను పలకడం లేదు, అందుకే కార్డు. పోస్టుమ్యాను చదివితే చదవనీ.

మేం ఆ దేశం పౌరసత్వం తీసుకోవాలా వద్దా అని ఇక్కడ మూడు రోజులుగా ఒకటే రచ్చ. పాప చదువుకు అదే మేలని నేను మొత్తుకుంటున్నాను. నిన్న మామగారు "మన పాస్‌పోర్టు ఇడిసిపెట్టొద్దు, ముసలితనానికి ఈడికే రావల్ల" అనగానే గోడమీద బల్లి పలికింది. అత్తమ్మ నేల తట్టి "సత్యం! ఇంగ మాటల్లేవు" అని లేచిపోయింది. మా ఆయన, అంత చదివిన ఇంజినీరు, తలూపాడు! బల్లి మాట విన్నారు గానీ నన్నెవరూ అడగలేదు. ఆయన సంగతి తర్వాత చూస్తాను. నా ఫారం మీద నేను సంతకం పెట్టేశాను.

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బీరువాలో నా పుట్టినతేదీ సర్టిఫికెట్ ఉంటుంది, రిజిస్టర్ పోస్టులో పంపండి.

ఇంకొకటి నాన్నా. పౌరసత్వం మారినవాళ్ళకు ఇక్కడ సాగుభూమి రాసివ్వకూడదట. నాకిస్తానన్న బావికాడి అరెకరం తమ్ముడు మునిచంద్ర పేరనే రాయించండి. వాడికి నా ఆశీస్సులు. అమ్మకు మాత్రం నేను చెప్పలేను, మీరే చెప్పండి.

శాలిని