మూడు దెబ్బలకు పడని గోడ

వనపర్తి, 12-11-1934

అమ్మకు చిన్నప్ప దండాలు. నేను బాగున్నాను. పని ఉంది, జ్వరం మళ్లీ రాలేదు.

ఆదివారం ఫాదరుగారు పరిశుద్ధ సంవత్సరం సంగతి చెప్పారు. రోములో పెద్ద గుడి తలుపు ఒకటి గోడ కట్టి మూసి ఉంచుతారట. ఆ సంవత్సరం రాగానే పోపుగారు సుత్తితో మూడు దెబ్బలు కొడితే గోడ పడుతుందట. కిందటేడు ఆ వాకిలి దాటే పుణ్యం రోముకు పోయినవారికే. ఈ ఏడు అందరికీ ఇచ్చారు. ఫాదరుగారికి పాపాలు చెప్పుకొని పాపసంకీర్తనం చేసి, మన గుడిలోనే ప్రార్థించి, మనతో మాటలు లేనివారితో మళ్లీ కలవాలి.

పని దగ్గర ఇది చెబితే మా మేస్త్రీ కురుమయ్య, "మూడు దెబ్బలకే పడ్తదా? ఎవడు కట్టిండురా గా గోడ? మనం గట్ల కడితే దొర ఊకుంటడా?" అన్నాడు. అందరం నవ్వాం. నాకు మాత్రం నేను కట్టిన గోడ గుర్తొచ్చింది.

నా కోళ్లు అన్న జొన్నలు తిన్న తగువుకు రెండిళ్ల నడిమి వాకిలి మూశాను. మోకాళ్ల నొప్పితో నువ్వు అన్న ఇంటి నుంచి వీధి చుట్టి నా పిల్లల దగ్గరికి వస్తున్నావు. అన్న ఒప్పుకుంటే పడగొట్టమను. సున్నం గట్టిగా పెట్టాను, గడ్డపార కావాలి. దర్వాజ చట్రం గోడలోనే ఉంది, తీయలేదు. తలుపు రెక్కలు మా అటక మీద ఉన్నాయి. చెదలు పట్టాయేమో నీ కోడలు సౌరమ్మను చూడమను.

మేక ఈనిందా? మోకాళ్లకు ఆముదం ఉందా? వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు.

ఎప్పటిలా గుడి ఉపదేశి ఈ కార్డు చదివి చెప్పినా, అక్కడితో ఆపొద్దు. అన్నతో మళ్లీ చదివించుకో.