సిమెంటు సంచి అట్ట

కేప్ కోస్ట్

పూజ్యురాలైన కోర్కోయ్ అత్తయ్యకు,

మేనల్లుడు ఒడోయ్ మోకరిల్లి క్షమాపణ కోరి రాయునది. ఈ ఉత్తరంలోని చేతిరాతకూ, కారుతున్న కలానికీ, తాతయ్య పోయిన కబురు ఆలస్యంగా అందించిన మా హాస్టలుకూ, వీలైతే మానవజాతి తప్పులన్నిటికీ నాదే బాధ్యత. తాతయ్య పుస్తకం నా దగ్గరే ఉంది. క్రిస్మస్‌కి “చదివి ఇవ్వరా” అని ఆయనే ఇచ్చారు. పన్నెండో పేజీలో మూడుసార్లు నిద్రపోయాను. దాన్ని ఆయనతో పాటు శవపెట్టెలో పెట్టి తీరాలా?

మీ ఒడోయ్

తా.క.: పరీక్షల వల్ల రాలేను. తాతయ్యకు చెప్పండి. ఆయనైతే నమ్మేవారు.

---

తేషీ

ఒరే ఒడోయ్, అత్త దీవెనలు.

తీరాలా అని అడుగుతున్నావా, సిగ్గులేకపోతే సరి! పండగ ముందు డప్పులు నిషేధించి ఊరంతా నోరు మూసుకునే నెలలో, ఏటా, నలభై ఏళ్ళు మా నాన్న చదివింది ఆ ఒక్క పుస్తకమే. “నాతో పంపించు తల్లీ” అని చేయి పట్టుకుని అడిగాడు. మాటిచ్చాను. నిషేధం మొదలైతే పూడ్చనివ్వరు. తొమ్మిది రోజులే ఉన్నాయి, పంపు.

మనిషి బతుకెలాంటిదో శవపెట్టె ఆకారమూ అలాంటిదే కదా మన దగ్గర, పడవ నడిపినవాడికి చేప ఆకారంలో చేయిద్దామని మీ బాబాయిలు. నేను పుస్తకం ఆకారమే అన్నాను. అట్ట మీద ఏముందని వడ్రంగి అడిగాడు. అసలు అట్ట ఎప్పుడో ఊడిందిగా, నాన్న వేసుకున్న సిమెంటు సంచి కాగితమే నాకు గుర్తు. అలాంటి సంచి చూసి అక్షరం పొల్లుపోకుండా రాయమన్నాను.

నీ అత్త

తా.క.: ఇంగ్లీషు నాకు రాదు కానీ, అక్షరాలు భలే ఉన్నాయిరా.

---

కేప్ కోస్ట్

అత్తయ్యా,

ఆపండి! వాటి అర్థం “యాభై కిలోలు, తడి తగలనివ్వరాదు” అని. అరవయ్యేళ్ళు సముద్రంలో తడిసిన మనిషి మీద అదా రాయడం! పార్సెల్ పంపుతున్నాను. మీరు విప్పకండి.

మీ ఒడోయ్

తా.క.: బరువు కూడా తప్పే. తాతయ్య తొంభైకి తక్కువుండరు.

---

తేషీ

ఒరే ఒడోయ్,

నీ ఉత్తరం వచ్చేసరికి రంగు ఆరిపోయింది. చదువుకున్నవాళ్ళంతా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. మేష్టారు పడీపడీ నవ్వి, అలాగే ఏడ్చేశాడు. పార్సెల్ నాన్న గుండెల మీద పెట్టాను.

నిషేధం మొదలైంది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందిరా. ఏటా ఈ నెలలో ఆయన పుస్తకంలో ఒకచోటికి రాగానే పగలబడి నవ్వేవాడు. చేపలకు పొగ పెడుతూ నేనూ నవ్వేదాన్ని, ఎందుకో తెలియకుండానే. ఎక్కడ నవ్వేవాడురా? పుస్తకం చూస్తే మట్టిలో ఉంది. పంపే ముందైనా చదివావా?

నీ అత్త

తా.క.: చదవలేదని మాత్రం రాయకు. అబద్ధమైనా సరే, ఏదో ఒకటి చెప్పు.

---

కేప్ కోస్ట్

అత్తయ్యా,

ఎనభై ఏడో పేజీ. అక్కడ నవ్వాల్సిందేమీ లేదు. ఒకావిడ పులుసు మాడబెడుతుంది, అంతే. పక్కన పెన్సిలుతో తాతయ్య రాత: “ఇక్కడ అఫోలే నవ్వింది.” నాయనమ్మ. దాని కింద, ఆవిడ పోయిన ఏడాది నుంచి, ఏటికొక గీత. ఆవిడ నవ్విన చోట ఆవిడ బదులు నవ్వేవారన్నమాట.

పార్సెల్ కట్టబోతూ ఆ పేజీ చూశాను. ఇక దాన్ని పంపడానికి చేతులు రాలేదు. నేను చేసిన తప్పు ఒక్కటే, అత్తయ్యా. మీరు గుండెల మీద పెట్టింది నా స్టాటిస్టిక్స్ పుస్తకం. అక్కడ తెరిచి ఎన్ని పేజీలు తిప్పినా, పాపం, ఆయనకు నవ్వే చోటు ఒక్కటీ దొరకదు.

ఒడోయ్