హాకీ గ్రౌండులో డ్యూటీ

అన్నా,

నువ్వు పోయాక నీ ఉద్యోగం నాకిచ్చారు. ఇవాళ పడిన డ్యూటీ గురించి నీకే చెప్పాలి. నేలను పైనుంచి తవ్వుకుంటూ ఓపెన్‌కాస్టు గని మన హాకీ గ్రౌండు దాకా వచ్చింది. బ్లాస్టింగు కోసం అక్కడ డ్రిల్లుతో బొక్కలు వేశాను.

ఫైనల్లో నువ్వు ఒక్క బంతినీ లోపలికి రానివ్వని గోల్‌పోస్టు తుప్పు పట్టి ఇంకా నిలబడే ఉంది. ఆ రోజు దాని వెనకే ఉండి గొంతు పోయేలా అరిచాను. అందుకే అవతలి చివర నుంచి మొదలుపెట్టాను.

నీతో ఆడిన రహీం అన్న ఇప్పుడు మా ఫోర్‌మన్. "ఆడికెల్లి ఎందుకు తమ్మి?" అన్నాడు.

"ఇటు దిక్కు నేల గట్టిగుందన్న," అన్నాను.

ఆయన గోల్‌పోస్టు దిక్కు చూశాడు. షిఫ్టు దిగేటప్పుడు దగ్గరికొచ్చాడు.

"ఇగ మిగిలింది గా గోల్ దిక్కే. రేపు ఆడ బొక్కలు నువ్వే వెయ్యాలె. మీ అన్న గోల్‌ల వేరేటోళ్లను రానియ్యకు."

సరే అన్నాను. పొద్దున మొదటి షిఫ్టు.