పొడుగు బాబాయి రాసిన పోస్టు

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. ఎత్తినా నీ మాట నాకు వినపడటం లేదు. ముప్పై ఏళ్లు అట్టపెట్టెల కోత మిషన్ పక్కన నిలబడితే చెవులు ఇంకెలా ఉంటాయి? అందుకే ఈ ఉత్తరం.

పొద్దున్నే సూపర్‌వైజరు అందరినీ నిలబెట్టి ఆ రోజు పనులు చెబుతాడు. ఆ హోరులో నాకు ఆయన మీసం కదలడం తప్ప ఏమీ తెలియదు. తర్వాత నాతో పనిచేసే మీ పొడుగు బాబాయి నా ఎదుటికొచ్చి, పెదాల కదలికను బట్టి నాకు తెలిసేలా నోరు బాగా తెరిచి, అంతా మళ్లీ చెబుతాడు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. పైవాళ్లకు తెలిసిందంటే నన్ను మిషన్ దగ్గర నిలవనివ్వరు. ఆ పని కూడా పోతే నేనెందుకూ కొరగాను తల్లీ. భయంగా ఉంది.

మీ నాన్న

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీసం దగ్గర మాత్రం నవ్వొచ్చింది. మా ఆఫీసులో ఒక బ్లాగు ఉంది నాన్నా. బయటివాళ్లకు కనపడదు, మేమే రాసుకుంటాం, మేమే చదువుకుంటాం. ఆ రోజు పనులు, మార్పులు, అనుమానాలు అన్నీ అందులోనే. మీ దగ్గరా పెట్టమని సూపర్‌వైజరుని అడిగి చూడు. చెవుల మాట ఎత్తకు. డాక్టరుకు మాత్రం తప్పకుండా చూపించుకో.

ప్రేమతో,
నీ కూతురు

బంగారుతల్లికి,

బ్లాగు వచ్చింది! పొద్దుటి మీటింగు ఎత్తేశారు. ఫోన్ తెరిస్తే చాలు, సూపర్‌వైజరు మాటలన్నీ కళ్ల ముందుంటాయి. ఏ అట్టకు ఏ బ్లేడు వాడాలో నేనూ రాశాను. కుర్రాళ్లు ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో! పిలిస్తే పలకనని ఇన్నాళ్లూ నన్ను పొగరుబోతు అనుకున్నారట. ఎన్నాళ్లకో నలుగురిలో ఉన్నట్టుంది.

పొడుగే కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "ఇంక నాతో నీకేం పని అన్నయ్యా?" అన్నాడు, నవ్వుతూనే. తనూ ఏదో రాస్తాడట. రాయడమంటే వాడికి చచ్చేంత బద్ధకం. చూడాలి.

మీ నాన్న

నాన్నా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. బాబాయికి ఫోన్ చేస్తే ఆయనా ఎత్తడం లేదు. ఏమైంది? కోపమొచ్చిందా, ఒంట్లో బాగాలేదా? రెండు ముక్కలైనా రాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

నీ కూతురు

తల్లీ,

ఒంట్లో బాగానే ఉంది. పొడుగు అన్నంత పనీ చేశాడు, బ్లాగులో రాశాడు. "చెవులు బొత్తిగా వినపడకపోయినా ఇన్నేళ్లుగా మిషన్ నడుపుతున్న మా అన్నయ్యను చూస్తే నాకు గర్వం" అని మొదలుపెట్టి, అన్నీ పొగడ్తలే. అందరూ మెచ్చుకుంటున్నారు కదా, ఇంక దాచేదేముంది అనుకున్నాడు పిచ్చివాడు.

మధ్యాహ్నానికల్లా పైవాళ్లు చదివారు. కేకేస్తే వినపడని మనిషి మిషన్ దగ్గర ఉంటే ప్రమాదమన్నారు. కాదనలేను. నన్ను గోదాములో లేబుళ్లు అంటించే పనికి మార్చారు. ఏడుపొచ్చింది తల్లీ, నీ దగ్గర దాచడమెందుకు.

అన్నయ్యను మళ్లీ మిషన్ దగ్గరే పెట్టండని పొడుగు అందరినీ బతిమాలాడట. కుదరదంటే ఉద్యోగమే వదిలేశాడు. తెలిసి గేటు దగ్గరికి పరుగెత్తాను. "నీ మీద కోపం లేదురా!" అన్నాను. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు, గట్టిగానే అరిచి ఉంటాను.

వాడు నా భుజం మీద మొహం పెట్టుకుని ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఊపిరి మెడకు తగులుతోంది కానీ మాట అందలేదు. పెదాలు కనపడితే కదా! వీపు నిమురుతూ "సరేరా, సరే" అన్నాను. వాడు కళ్లు తుడుచుకుని బస్సెక్కాడు.

ఏం చెప్పాడో నాకు తెలియదు. దేనికి సరే అన్నానో కూడా తెలియదు. రాసి పంపరా అని అడుగుదామనుకుంటాను. రాసినందుకే కదా వాడికింత బాధ, మళ్లీ రాయమని ఏ నోటితో అడగను?

మీ నాన్న