పోస్టరు మీద నా ఫొటో

బావగారూ, మీరు పంపిన పోస్టరు కొట్టు ముందు కట్టాం. "ఒంటికి తుప్పు పట్టనివ్వని మాత్ర" అన్న అక్షరాల పక్కన నా ఫొటో దివ్యంగా ఉంది. తీరా నిన్న ఒక్క పెట్టె మేడ మీదికి మోసేసరికి ఆయాసమొచ్చి, దిగొచ్చి ఆ పోస్టరు కిందే కూలబడ్డాను. పక్క వీధి డాక్టరు నాడి చూసి, "రెండేళ్లుగా మాత్రలు మింగి కూర్చుంటే ఎలాగయ్యా? రోజూ నడిస్తే ఆ తుప్పు వదిలించుకోవడం ఒళ్లే నేర్చుకుంటుంది" అని అందరి ముందూ అనేశాడు. అప్పుడే కొన్నవాళ్లలో ఇద్దరు మాత్రల డబ్బాలు వెనక్కిచ్చేశారు.

మీ చెల్లెలు రోజూ పదిసార్లు ఆ మెట్లెక్కుతుంది, ఏనాడూ రొప్పలేదు. ఈసారి తన ఫొటో వేయించండి, సరుకు కదులుతుంది. తను మీ మాత్ర ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

ఉంటాను,
మీ బావ