మూడో పైపు

2025 మార్చి 3, సోమవారం

హెడ్ ఆఫీసు నుంచి ఏఐ యాప్ వచ్చింది. ఇకమీదట ప్లాంటులో ఏ పని మొదలుపెట్టాలన్నా జేఎస్ఏ షీటు దీనితోనే రాయాలట.

ఇఫ్తార్ దగ్గర అమ్మీ అడిగింది, జేఎస్ఏ అంటే ఏంటని. ఆరేళ్లుగా రొయ్యల ప్లాంటులో సేఫ్టీ ఆఫీసర్‌ని, ఇప్పటిదాకా అడగలేదు. ఒక పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క దగ్గర మనిషికి ఏం ప్రమాదం రావచ్చో, రాకుండా ఏం చేయాలో ముందే రాసి పెట్టడం అని చెప్పాను. ఒక్కో షీటుకు పూటంతా పట్టేది. పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, చూడాలి, అడగాలి. ఇవాళ కంప్రెసర్ ఆయిల్ మార్చే పని గురించి నాలుగు ముక్కలు టైప్ చేస్తే, కుర్చీ సర్దుకునేలోగా రెండు పేజీలు వచ్చాయి. నాకు తట్టని పాయింట్లు మూడున్నాయి అందులో.

మంచిదేగా, రోజా ఉపవాసంలో ఎండన పడి తిరగక్కర్లేదు అంది అమ్మీ.

నాకూ సంతోషమే వేసింది. కాసేపటికి భయం వేసింది. అది ఇంత బాగా రాస్తే, నేనెందుకు?

మార్చి 10

మీటింగ్‌లో ప్లాంట్ మేనేజర్ వేణుగోపాల్ గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. వారంలో ముప్ఫై ఒక్క షీట్లు. మిగతా రెండు యూనిట్లూ కలిపి పద్నాలుగట. అఫ్సాను చూసి నేర్చుకోండి అన్నారు.

ఈ యాప్‌కు ఒక అలవాటుంది. షీటు చివర ప్రశ్నలు వేస్తుంది. పని చేసేవాళ్లతో మాట్లాడారా? స్థలం చూశారా? అవును అని టిక్ పెడితేనే షీటు వదులుతుంది. మొదటి నాలుగైదు షీట్లకు నిజంగానే వెళ్లి వచ్చాను.

మార్చి 14

ఇవాళ తొమ్మిది షీట్లు. మెట్లు దిగలేదు.

మార్చి 19, బుధవారం

ఆదివారం మురుగునీళ్ల ట్యాంకు క్లీనింగ్. పన్నెండడుగుల లోతు, అడుగున బురద. రొయ్య తలలు, తొక్కలు కుళ్లిన బురద. అందులోంచి వచ్చే గ్యాస్ కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ఆ కంపూ తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. ఈ పని షీటు రాయాలంటే నాకెప్పుడూ భయమే.

యాప్ బాగా రాసింది. గ్యాస్ మీటరు, బ్లోయరు, పైన ఒక మనిషి, దిగే మనిషికి ఒంటి నిండా బెల్టు, బెల్టుకు తాడు, తాడు లాగడానికి మూడుకాళ్ల స్టాండు. స్టాండు ఎందుకమ్మా, ఇరవై నిమిషాల పని, అది బిగించడానికే గంట పడుతుంది అన్నారు వేణుగోపాల్ గారు. షీటులో ఉంది సార్ అన్నాను. సరేనన్నారు. నేను చెబితే వినేవారు కాదు, యాప్ చెప్పిందంటే విన్నారు.

చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. డ్రాయింగులో చూపినవి కాక ఈ ట్యాంకులోకి వచ్చే పైపులు ఇంకేమైనా ఉన్నాయా? వెళ్లి చూసి నిర్ధారించండి.

డ్రాయింగులో రెండే ఉన్నాయి. ఐదూ ఇరవై అయింది. ఐదున్నరకు బెంజ్ సర్కిల్ వెళ్లే కంపెనీ బస్సు. లేవు అని టిక్ పెట్టాను.

మార్చి 23, ఆదివారం, సాయంత్రం 4, ఆసుపత్రి వరండా

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున పదింటికల్లా రెండు పైపులూ మూసి తాళాలు వేశాం. గ్యాస్ మీటరు సున్నా చూపించింది. పదీ నలభైకి సత్యం గారు దిగారు. పదిహేనేళ్లుగా ఈ ట్యాంకు దిగే మనిషి. పైన తాడు దగ్గర ఆయనతో పనిచేసే సంజీవరావు, పక్కన నేను.

పదకొండు దాటాక లోపల నీళ్లు పడుతున్న చప్పుడైంది. ఎక్కడినుంచో తెలియలేదు. గోడలో, బురద కింద నుంచి వస్తున్నాయి. బురద కదిలింది. సత్యం గారి దగ్గరున్న మీటరు అరవడం మొదలుపెట్టింది. సత్యం గారూ పైకి రండి అని కేక వేశాను. తలెత్తి చూశారు. మోకాళ్ల మీద కూర్చున్నారు, ఏదో వెతుక్కుంటున్నట్టు. అలాగే ముందుకు పడిపోయారు.

సంజీవరావు నిచ్చెన మీద కాలు పెట్టేశాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. దిగితే నువ్వూ పోతావు, స్టాండు హ్యాండిల్ తిప్పు, తాడు పైకి వస్తుంది అన్నాను. తిప్పాడు. నేనూ తిప్పాను. నాలుగు నిమిషాలట, తర్వాత కెమెరాలో చూసి చెప్పారు. నాకు పూట గడిచినట్టుంది. పైకి వచ్చేసరికి మూతి నీలంగా ఉంది.

అంబులెన్సు హనుమాన్ జంక్షన్ దాటేదాకా ఊపిరి ఆడుతోందా లేదా అని ఆయన ఛాతీనే చూస్తూ కూర్చున్నాను.

ఐసీయూలో ఉన్నారు.

సాయంత్రం 6.30

మగ్రిబ్ అజాన్ వినపడింది. వాచ్‌మన్ ఎవరో ఖర్జూరం ఇచ్చారు. నీళ్లతో రోజా విడిచి, దాన్ని చేతిలోనే పట్టుకున్నాను.

మార్చి 24

స్పృహ వచ్చిందట. మనుషుల్ని గుర్తుపడుతున్నారట. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ నీళ్లు వాషింగ్ సెక్షన్‌వి. ఆదివారం ఆర్డరుందని సెక్షన్ నడిపారు, పదకొండింటికి ఫ్లోరు కడిగారు. అక్కడికెళ్లి మార్త గారిని అడిగాను. అందరికంటే పాత మనిషి. నాలుగేళ్ల కిందట డ్రెయిను పూడుకుపోతే కాంట్రాక్టరు గోడ పగలగొట్టి ఒక పైపు ట్యాంకులోకి వేశాడట. డ్రాయింగులో ఎవరూ ఎక్కించలేదు.

మీకు తెలుసా అని అడిగాను. తెలీకపోవడమేందమ్మా, రోజూ మా నీళ్లు పోయేది అందులోకేగా అంది. అడిగితే చెప్పేదాన్నిగా, ఎవరూ అడగలా అంది. కోపంగా అనలేదు. నీళ్ల గొట్టం చుట్ట చుట్టుకుంటూ అంది.

ఆఫీసుకొచ్చి యాప్ తెరిచాను. నా జవాబు అక్కడే ఉంది. లేవు. 19 మార్చి, 5.21.

రోజా వల్ల కాదు. నీరసం వల్లా కాదు. వెళ్లి వస్తే పది నిమిషాలు. వెళ్లలేదు, అంతే.

మార్చి 25

వేణుగోపాల్ గారు తలుపు వేసి మాట్లాడారు. మూడో పైపును యాప్ గుర్తించలేదని రిపోర్టు రాద్దాం అన్నారు. నేను వేసిన టిక్కు ఆయనకూ నాకూ తప్ప కనపడదట. మెషీన్‌కు ఉద్యోగం పోదు కదమ్మా, మీకు పోతుంది, మీ నాన్నగారు పోయాక ఇల్లు నడిపేది మీరేగా అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. నిజంగా నా మేలు కోరే అన్నారు. అదే భయంగా ఉంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచిస్తాను అని నా నోటితో నేనే అన్నాను.

మార్చి 26

ఆసుపత్రికి వెళ్లాను. సత్యం గారు నిద్రపోతున్నారు. ఆయన భార్య మల్లీశ్వరి గారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. స్టాండూ బెల్టూ ఉండాల్సిందేనని మీరు పట్టుబట్టారంట, సంజీవరావు చెప్పాడండీ, మీరు లేకపోతే ఆయన లేడండీ అంది. బత్తాయి రసం తాగమంది. ఉపవాసం అన్నాను. అయ్యో, మర్చిపోయానండీ, మా కోసం దువా చేయండి అంది.

నిజం చెప్పలేకపోయాను. చేతులు విడిపించుకోలేకపోయాను కూడా.

మార్చి 27, తెల్లవారుజాము

సహర్ భోజనం అయ్యాక పడుకోలేదు. ఒకటే తిరుగుతోంది బుర్రలో. మిగతా రెండు యూనిట్లలోనూ ఇలాంటి ట్యాంకులే, అదే కాంట్రాక్టరు. యాప్‌ది తప్పు అని రాస్తే యాప్ తీసేస్తారు. స్టాండూ పోతుంది, బెల్టూ పోతుంది. అక్కడి ట్యాంకుల్లోకి ఏ పైపులు వస్తున్నాయో ఎవరూ వెళ్లి చూడరు. ఇంకో ఆదివారం ఇంకో మనిషి దిగుతాడు.

యాప్ అడిగింది. నేను అబద్ధం చెప్పాను. రిపోర్టులో ఉండాల్సింది ఈ రెండు వాక్యాలే.

అమ్మీకి చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ అనలేదు. ఆ మనిషి పేరేంటి అని అడిగింది.

మార్చి 27, మధ్యాహ్నం

హెడ్ ఆఫీసుకు పంపేశాను. టిక్కు స్క్రీన్‌షాట్‌తో సహా. వేణుగోపాల్ గారికి కాపీ పెట్టాను. ఆయన కేబిన్‌లోంచి బయటికి వచ్చి, నన్ను చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

మార్చి 31, ఈద్

కొత్త బట్టలు వేసుకోబుద్ధి కాలేదు. అమ్మీ తిట్టి వేయించింది. ఫోను మోగినప్పుడల్లా హెడ్ ఆఫీసేమోనని చూస్తున్నాను. అన్నీ ముబారక్‌లే.

ఏప్రిల్ 7

ఉద్యోగం ఉంది. వార్నింగ్ లెటర్ ఇచ్చారు, ఈ ఏడు ఇంక్రిమెంట్ లేదు. యాప్ ఉంచుతున్నారు. రెండో యూనిట్‌లో వెళ్లి చూస్తే, డ్రాయింగులో లేని పైపు అక్కడా ఒకటి దొరికిందట.

వేణుగోపాల్ గారు పని మాటలు తప్ప మాట్లాడటం లేదు.

ఇకనుంచి షీటు మీద నా సంతకానికి ముందు పని చేసేవాళ్లవి రెండు సంతకాలు కావాలన్నాను. ఇవాళ వచ్చింది ఒకే ఒక్క షీటు. మార్త గారు వేలిముద్ర వేస్తారనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదువుకుని, రెండు చోట్ల మార్పించి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

ఏప్రిల్ 16

సత్యం గారు డ్యూటీకి వచ్చారు. ఆరు నెలలు ట్యాంకు దిగకూడదన్నారు డాక్టర్లు. నా రిపోర్టు సంగతి ఆయనకు తెలుసో లేదో తెలియదు. ఎదురుపడి నవ్వారు. తలొంచుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 21

మూడో పైపులోంచి నీళ్లు రాకుండా ప్లేటు బిగించారు. లోపలికి దిగి చూస్తేగానీ సంతకం పెట్టనన్నాను. బెల్టు వేసుకుని నేనే దిగాను. పైన తాడు పట్టుకున్నది సత్యం గారు.

కింద నుంచి ఆకాశం అన్నం పళ్లెమంత ఉంది. మాట్లాడుతూనే ఉండండి మేడమ్, ఆపితే లాగేస్తా అన్నారు. టిక్కు సంగతి చెప్పాను. ఐదూ ఇరవై ఒకటి దగ్గర్నుంచి మొత్తం.

తాడు బిగువుగానే ఉంది.

మీరు అడగడానికి రాలేదని మార్త ఎప్పుడో చెప్పింది మేడమ్ అన్నారు. తాడు ఒకసారి కదిపి, ఆపేశారేంటి, మాట్లాడండి అన్నారు.