పన్ను లేని ఉంగరం

బావా,

నమస్కారం తర్వాత పెడతాను, ముందు దీనికి జవాబు చెప్పు. మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో కూపన్లు చింపే అమ్మాయికి ఉంగరం కావాలి, మీ కొట్లో ఎంతవుతుందో రాయమన్నాను. నువ్వేమో బంగారం ధర, తరుగు, మజూరీ, వాటి నెత్తిన అమ్మకపు పన్ను రాసి పంపావు. మా ఫోర్‌మన్ మీ కొట్లోనే బంగారు బిస్కెట్టు కొన్నాడు. పైసా పన్ను లేదు! ఆయన చొక్కా ఇస్త్రీ మడత చూసి భయపడ్డారా? నేను లేత్ మీద ఇనుము కోసేవాణ్ణే, కానీ బిల్లు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను.

నెలాఖరుకి ఆమెకి బదిలీ. ఆలోపు ఉంగరమిచ్చి అడక్కపోతే నా బతుకిక క్యాంటీన్ టీయే.

ఇట్లు,
ఊరికే మోసపోని బావమరిది

తా.క.: తరుగేమిటి? బంగారమేమైనా కర్పూరమా, గాల్లో కలిసిపోవడానికి?

---

చిరంజీవి బావమరిదికి, కోపం తగ్గుగాక అని దీవించి,

నేను క్యాషియర్ని, చట్టం రాసినవాణ్ణి కాదు. నగకి పన్నుంది. బిస్కెట్టయితే, ఒకే బిల్లులో ఒక హద్దు దాటి కొంటే లేదు, దాటకపోతే ఉంది. మీ ఫోర్‌మన్ దాటాడు. నీ ఉంగరం అందులో పావు వంతు. నోరు మూసుకుని కొనుక్కో.

మీ బావ

తా.క.: నీ ఉత్తరం చదివి మీ అక్క తన ఉంగరం బిల్లు చూపించమంటోంది. ఇకనుంచి కొట్టు అడ్రసుకి రాయి.

---

బావా,

అంటే ఉన్నవాడికి పన్ను లేదు, లేనివాడికుంది! కట్టుకథేమోనని పన్నుల ఆఫీసుకి వెళ్ళి అడిగాను. గుమాస్తా కూడా అచ్చం నీ మాటే చెప్పాడు. మీరిద్దరూ చుట్టాలా?

సరే. మా షెడ్డులో ఇంకో ముగ్గురికి ఉంగరాలు కావాలి. నలుగురం డబ్బేసుకున్నాం, పంపుతున్నాను. హద్దు దాటేలా ఒకే బిస్కెట్టు కొను. నేనే కోసి ఉంగరాలు చేస్తాను. పన్ను లేదు, మజూరీ లేదు, తరుగు అసలే లేదు.

ఇట్లు,
హద్దు దాటిన బావమరిది

తా.క.: సీలు వేసి పంపు. దారిలో ఎవరైనా కొరికితే నాకు తెలియాలి. ఎవరైనా అంటే నువ్వే.

---

బావమరిదికి,

కొన్నాను, కొరకలేదు. పన్ను గడిలో సున్నా. మా యజమాని చూసి నవ్వాడు. "నగలు చేసి అమ్మితే మీవాడు వ్యాపారి అవుతాడయ్యా. లైసెన్సు తీసుకుని, తోటివాళ్ళ దగ్గర తనే పన్ను వసూలు చెయ్యాలి" అన్నాడు. అందుకని పనికి డబ్బు తీసుకోకు. చెడ్డపేరు ఎలాగూ ఉచితమే.

మీ బావ

తా.క.: కోసేముందు కింద గుడ్డ పరుచుకోమని మా కంసాలి చెప్పమన్నాడు.

---

బావా,

పరవలేదు. కోతలో రాలిన బంగారం పొడంతా లేత్ మీద పోసే నీళ్ళతో తూములోకి పోయింది. నాలుగు ఉంగరాలూ బరువు తగ్గాయి. ఆ ముగ్గురూ కాటా పట్టుకొచ్చారు.

"మిగతాది ఏ జేబులో ఉందిరా?"

"తరుగు అన్నా."

"మా చెవిలో పువ్వు కనపడుతోందా?"

జేబులు తిరగేశారు. బూట్లు విప్పించి దులిపారు. దొంగతనం చెయ్యనివాణ్ణి దొంగలా చూస్తే ఎలా మండుతుందో తెలుసా నీకు? తెలిసే ఉంటుందిలే. నా ఉంగరం ముక్కలు చేసి వాళ్ళ లోటు పూడ్చాను. నాకు మిగిలింది మసి.

ఇంకో వారంలో ఆమె వెళ్ళిపోతుంది. ఏదో ఒక ఉంగరం పంపు. పన్నెంతైనా వెయ్యి, జీతంలోంచి కడతాను.

నమస్కారాలతో,
నీ బావమరిది

తా.క.: ఆమె అంతా చూసింది. నా బూట్ల కింద ఊడవడానికి చీపురు తెచ్చిచ్చింది కూడా ఆమే.

---

ఒరే పిచ్చివాడా,

ఉంగరం పంపడం లేదు. నిన్న మా కొట్టుకి ఒకమ్మాయి వచ్చింది. బదిలీ మా ఊరికేనట, గది చూసుకోవడానికొచ్చిందట. మగవాళ్ళ ఉంగరం తీసుకుంది. తరుగెందుకని అడగలేదు, మజూరీ తగ్గించమనలేదు, పన్ను మారుమాట లేకుండా కట్టింది. పన్ను మాత్రం విడిగా, పెద్ద అక్షరాల్లో రాయమంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"అతను సరే అనేముందు బిల్లడుగుతాడండీ" అంది.

నేను నీ బావనని ఆమెకి చెప్పలేదు. రాత్రి బండికి బయల్దేరింది. ఉత్తరం ముందొస్తుందో, ఆమె ముందొస్తుందో. మొహం కడుక్కుని ఉండు.

మీ బావ

తా.క.: మీ అక్క మాట ఇది. ఆమె ఎదురుగా ఆ ఉంగరాన్ని కాటా మీద పెట్టావో, ఈ ఇంట్లో నీకు అన్నం లేదు.